అక్కలవైపు వంగిన బండి

మొన్న విశాఖపట్నంలో బస్సు కోసం నిలబడి ఉన్నాను. కొత్త రకం బస్సు ఒకటి వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. 'ఉస్స్'మని ఒక చప్పుడు వచ్చి, బస్సు మొత్తం మా వైపుకు, అంటే ఎక్కేవాళ్ళ వైపుకు, మెల్లగా వంగింది. చేతికర్ర పట్టుకున్న ఒక పెద్దాయన తాపీగా అడుగు లోపల పెట్టాడు. ఆయన కూర్చున్నాక బస్సు మళ్ళీ లేచి నిలబడింది. ఎవరూ పట్టించుకోలేదు. నేను మాత్రం నలుగురిలో గట్టిగా నవ్వేశాను.

"ఏమైందండీ?" అంది పక్కనున్నావిడ.

"మా అన్నయ్య గుర్తొచ్చాడు."

ఆవిడ బస్సు వైపు చూసింది. "డ్రైవరా?"

"డ్రైవరేనండి. కానీ దీనికి కాదు" అన్నాను.

అన్నయ్య అంటే తోడబుట్టినవాడు కాదు. బస్తర్ కొండల్లోని కిరందుల్‌లో మా తెలుగు క్రైస్తవ సంఘంలో చిన్నా పెద్దా అందరికీ ఆయన అన్నయ్యే. పోయిన వానాకాలంలో ప్రభువునందు నిద్రించాడు. జ్ఞాపకార్థ కూడికలో ఆయన గురించి చెప్పమంటే లేచి నిలబడ్డాను. మొదటి మాట నోట్లోంచి రాకముందే నవ్వొచ్చింది. కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాను. ఏడుస్తున్నాననుకుని అందరూ ఊరుకున్నారు. అప్పుడు చెప్పవలసిన మాటలు ఇవి.

ఆయన విజయనగరం వైపు నుంచి వచ్చి, కొండ మీద ఇనుప ఖనిజం గనిలో రాయి మోసే డంపరు లారీ నడిపినవాడు. ఆ డంపరు చక్రం ఆయనకంటే ఎత్తు. డ్రైవరు సీటుకి చేరాలంటే నిచ్చెన ఎక్కాలి. ఎక్కేముందు చక్రం మీద అరచెయ్యి పెట్టి కళ్ళు మూసుకునేవాడు. గని ఎర్ర దుమ్ము చేతికి అంటుకునేది. ఇంటికొచ్చి ఎంత కడిగినా పోయేది కాదు. మందిరంలో ప్రభువు బల్ల దగ్గర రొట్టె కోసం చాచిన చేతుల్లో ఆయన చెయ్యి ఏదో ముఖం చూడకుండానే చెప్పొచ్చు అనేవారు మా అయ్యగారు, అంటే మా సంఘ కాపరి.

ఆయన మాట ఒకటి ఉండేది: "ఇంకో మాట విందాం."

దేన్నీ చటుక్కున తేల్చేవాడు కాదు. బచేలి సంతలో పుచ్చకాయ కొనాలంటే ఒక్కొక్కదాన్నీ తట్టి, చెవి పెట్టి, పక్కకి పెట్టి, అమ్మే ఆవిడను వదిలేసి పక్కన చింతపండు అమ్ముకునే ఆవిడను అడిగేవాడు. ఆవిడ గోండీలో ఏదో అనేది. ఈయన తలూపేవాడు. "ఏమంది అన్నయ్యా?" అంటే, "కాయ మంచిదేనంది. ఇంకో మాట విందాం" అని ఉల్లిపాయల దగ్గరికి నడిచేవాడు. కూడికలో ఆయన్ని పాట ఎంచమంటే పుస్తకం పేజీలు తిప్పుతూనే ఉండేవాడు. వెనకనుంచి ఎవరో ఇంకో పాట ఎత్తుకునేవారు. "ఆఁ, అదే, నానూ అదే అనుకుంటన్నాను" అని ఎంతో సంతోషంగా గొంతు కలిపేవాడు.

అలాంటి మనిషి ఒకరోజు పొద్దున రాయపూర్ వెళ్ళి, ఎవరి మాటా వినకుండా, ఎవరినీ అడగకుండా, ఒక పెద్ద కారుతో తిరిగొచ్చాడు. ఉద్యోగ విరమణ అయిన ఏడు అది. టౌన్‌షిప్ అంతా వరండాల్లోకి వచ్చి చూసింది.

ఆ కారు సంగతి తెలియాలంటే వదిన సంగతి తెలియాలి.

వదిన మరైగూడ ఆడపడుచు. తెలుగు నేల సరిహద్దు పక్క ఊరు. అక్కడి తెలుగు రైతుల సంఘానికి ఒక చిన్న మందిరం ఉంది. ఏటా కోతలయ్యాక పంట పండుగ జరుగుతుంది. ఆ రోజు ఎవరూ ముందే లోపల కూర్చోరు. వరి కంకులు, గుమ్మడికాయలు, కోళ్ళు ఎవరి కానుక వాళ్ళు పట్టుకుని గేటు దగ్గరనుంచి పాడుతూ లోపలికి నడవాలి. అందరికంటే ముందు నడిచి పాట ఎత్తుకునేది వదిన. పెళ్ళికి ముందునుంచీ అంతే. పెళ్ళయి కిరందుల్ వచ్చాక కూడా ఆ పండుగ ఒక్కటీ తప్పలేదు, తుంటి ఎముక విరిగేదాకా.

విశాఖలో ఆపరేషన్ అయ్యాక చేతుల కింద నాలుగు కాళ్ళ నడక స్టాండు పెట్టుకుని ఇల్లంతా తిరగగలిగేది. పక్కనే ఉన్న మందిరానికీ వచ్చేది. బండి ప్రయాణమే ఆవిడకు నరకం. ఒకసారి జీపులో దంతేవాడ తీసుకెళ్తే, ప్రతి గుంటకీ పళ్ళు కొరుక్కుంది. పైగా ఎక్కించడానికి సంఘంలోని ఇద్దరు తమ్ముళ్ళు చంకల కింద చేతులు వేసి ఎత్తారు. ఇంటికొచ్చాక ఆవిడ ఒకటే మాట అంది.

"ఎత్తి దింపేదుంటే నేను మా ఊరు పోను. వడ్లు మోసుకుంట పోయినదాన్ని. నన్నే మోసుకుంట పోతే మావోళ్ళు ఏమనుకుంటరు? పాట ఎట్ల వస్తది నాకు?"

ఒక పంట పండుగ ఆవిడ లేకుండానే వెళ్ళిపోయింది. ఆ రోజంతా వదిన వంటింట్లోనే ఉంది. ఆ రోజు అన్నయ్య ముఖం నేను చూశాను.

అందుకని ఆ కారు. దానికి స్ప్రింగులు లేవు. ఒక్కో చక్రం దగ్గర గాలి నింపిన రబ్బరు తిత్తి ఉంటుంది. పంపు ఒకటి దాన్లోకి గాలి ఎక్కిస్తుంది, తీసేస్తుంది. గుంటల్లో పడినా లోపల కూర్చున్నవాళ్ళకి తెలియదు. అన్నయ్య వెనక సీటు మీద కోడిగుడ్ల అట్ట పెట్టుకుని బచేలి నుంచి కిరందుల్ దాకా నడిపి, ఒక్కటీ పగలలేదని ఇంటింటికీ చూపించాడు.

తరువాత వదిన కొంగు సరిచేసుకుని, స్టాండు ఆనించుకుంటూ వచ్చి తలుపు దగ్గర నిలబడింది. సీటు ఆవిడ నడుముకు పైనే ఉంది.

"ఏందయ్యా ఇది? బండా, మిద్దెనా?"

"మెత్తగుంటాదే. గాలి మీద నడుస్తాది."

"గాలి మీద నడుస్తది మంచిగనే. నేను గాల్లోకి ఎట్ల ఎగరాలె? డంపరు దిగినవు గాని, డంపరు బుద్ధి దిగలే నీకు."

అందరం నవ్వాం. అన్నయ్య కూడా నవ్వాడు. కానీ చేత్తో సీటు ఎత్తును జానలతో కొలిచి, వదిన మోకాలి ఎత్తును కళ్ళతోనే కొలిచి, చాలాసేపు అక్కడే నిలబడ్డాడు. కారును కిందికి దించే మీట ఒకటి దానిలోనే ఉంది. నొక్కితే రెండు వేళ్ళంత దిగింది. పీట వేశారు. పీట జారింది, వదిన కేక వేసింది, ఆ పీట మళ్ళీ బయటికి రాలేదు.

అక్కడనుంచి మొదలయింది, కారును దించే మార్గం ఎంచుకోవడం.

జగదల్‌పూర్‌లో ఒక మిస్త్రీ, అంటే కార్ల మెకానిక్కు, ఉన్నాడు. బస్తర్ అంతటా బండ్లు ఉన్నవాళ్ళు అతని దగ్గరికి వచ్చేది ఎత్తు పెంచుకోవడానికే. దారులు అలాంటివి. అన్నయ్య వెళ్ళి దించాలని చెప్పగానే అతను పానా కింద పెట్టేశాడు. "భయ్యా, అందరూ ఎత్తించుకుంటారు. మీరు దింపించుకుంటారా?" అని హిందీలో రెండుసార్లు అడిగాడు. కారణం విన్నాక స్టూలు లాగి కూర్చోబెట్టి టీ తెప్పించాడు. మూడు దారులు చెప్పాడు.

మొదటిది, గాలి తిత్తులు పీకేసి పొట్టి స్ప్రింగులు బిగించడం. రెండోది, ప్రతి చక్రం దగ్గరా కారు ఎత్తును కనిపెట్టే చిన్న కడ్డీ ఒకటి ఉంటుంది, దాని పొడవు మార్చడం. అప్పుడు కారు తను ఎక్కువ ఎత్తులో ఉన్నాననుకుని గాలి వదిలేసుకుని దిగుతుంది. మూడోది, ఆ కడ్డీ దగ్గరున్న సెన్సరుకీ కారు కంప్యూటరుకీ మధ్య ఒక చిన్న డబ్బా పెట్టడం. కావలసినప్పుడు మీట నొక్కి దించుకోవచ్చు, ఎత్తుకోవచ్చు. అది ఊళ్ళో దొరకదు, తెప్పించాలి.

"ఇంకో మాట విందాం" అని అన్నయ్య ఇంటికొచ్చాడు.

ఎవరి మాట వినలేదు కనుక! టైర్ల కొట్టువాణ్ణి విన్నాడు, వెల్డింగువాణ్ణి విన్నాడు, గనిలో తన పాత జట్టువాళ్ళను విన్నాడు. బుధవారం కూడికలో ప్రార్థన మనవులు చెప్పే వేళ, ఒకరు జ్వరమని, ఒకరు పిల్లవాడి పరీక్షలని చెప్పాక, అన్నయ్య లేచేవాడు. "మన బండి గురించి. స్ప్రింగులా, కడ్డీలా, డబ్బానా అన్నది ప్రభువు తేల్చాలి. స్ప్రింగులైతే గట్టిగుంటాది, గతుకులు తెలుస్తాయి. కడ్డీలైతే..." అని మొదలుపెట్టేవాడు. అయ్యగారు ఓపికగా కళ్ళు మూసుకుని వినేవారు. ఒక బుధవారం మాత్రం అన్నారు: "అన్నయ్యా, మన అక్కరలేమిటో మనం అడగకముందే ఆయనకు తెలుసు కదా. వివరాలు కొంచెం తగ్గించి చెప్పినా ఆయనకు అర్థమవుతుంది."

"ఆయనకి తెలుసయ్యగారూ. మీకు కూడా తెలిస్తే మీరు బాగా ప్రార్థిస్తారని."

స్ప్రింగుల మాట వదినే కొట్టేసింది. "మెత్తగుంటదనే కదా తెచ్చినవు. గాలి తీసేస్తే ఇగ ఎందుకది?" కడ్డీలు తొందరగా అయ్యే పని కాబట్టి ముందు అవి మార్పించి చూశాడు. కారు బెత్తెడు దిగింది, దిగిన చోటే ఉండిపోయింది. జగదల్‌పూర్ నుంచి ఇంటికి వచ్చే దారిలో గీదం దగ్గర స్పీడు బ్రేకరు ఎక్కగానే కింద 'గర్ర్'మంది. తరువాతి దాని మీద ఇంకా గట్టిగా అంది. పక్కన కూర్చున్నవాళ్ళు చెప్పారు, ప్రతి స్పీడు బ్రేకరు దగ్గరా ఆయన "తండ్రీ, తండ్రీ" అంటూ దాటించాడట. మరునాడే వెళ్ళి కడ్డీలు మళ్ళీ పాతవే పెట్టించుకున్నాడు. ఇక మిగిలింది డబ్బా.

అక్కడ ఎవరూ ఊహించని చిక్కు వచ్చింది. ఆ డబ్బా ఏం చేస్తుందో మిస్త్రీ విడమరచి చెప్పాడు. సెన్సరు చెప్పిన ఎత్తును అది మార్చి, లేని ఎత్తును కంప్యూటరుకు చెబుతుందట.

"అంటే అబద్ధం చెప్తాదా?" అన్నాడు అన్నయ్య.

మిస్త్రీ కొంచెం ఆలోచించి, "హాఁ, ఒక రకంగా" అన్నాడు.

అన్నయ్య ఆ రాత్రి సరిగా నిద్రపోలేదట. ఆదివారం ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గర తేల్చుకోవడానికి నిలబడ్డాడు. రోజూ అబద్ధమాడే వస్తువును మందిరం ముందుకు తెచ్చి నిలపొచ్చా అని ఆయన ప్రశ్న. మేమంతా చుట్టూ చేరాం. కొందరు వాడొచ్చన్నారు, కొందరు వద్దన్నారు. బైబిల్లో వేగులవాళ్ళను మిద్దె మీద దాచి, లేరని చెప్పిన స్త్రీ మాట ఒకరు ఎత్తారు. రాజు ముందు మాట దాటేసి పసిబిడ్డలను బతికించిన మంత్రసానుల మాట ఇంకొకరు ఎత్తారు. ఒక పెద్దాయన, కడ్డీలు పొడవు మారినప్పుడు అవీ అబద్ధమే ఆడాయి కదా, అప్పుడెందుకు అడగలేదన్నాడు. అన్నయ్య ముఖం పాలిపోయింది. "అవునా? అది తోచనేలేదు" అన్నాడు.

అప్పుడు వెనక కుర్చీలోంచి వదిన అంది:

"ఎట్లున్నవక్కా అని అడిగినప్పుడల్లా మంచిగున్న, నొప్పి లేదు అంటనే ఉన్న మీ అందరికి. ఆ తుంటి విరిగిన కాణ్ణుంచి అంటనే ఉన్న. నన్ను ఎవరన్న బయటికి నిలబెట్టిండ్రా? ఆ డబ్బా చెప్తే పాపమయ్యిందా?"

అయ్యగారు వదిన దగ్గరికి నడిచి, తల వంచుకుని నిలబడ్డారు. తరువాత అన్నయ్య వైపు తిరిగి, "తెప్పించు అన్నయ్యా. ఇంకో మాట వినొద్దు" అన్నారు.

డబ్బా వచ్చింది. మిస్త్రీ బిగించి పంపాడు. ఒక్క పని మాత్రం మిగిల్చాడు. చదునైన నేల మీద ఖాళీ కారును నిలిపి, ఇంజను ఆన్‌లో ఉంచి, ఒక మీట నొక్కాలి. చిన్న దీపం మిణుకుమిణుకుమంటుంది. అది మిణుకుమంటున్నంతసేపూ కారు తన ఎత్తును తాను సరిచేసుకోదు. రెండోసారి నొక్కగానే, ఆ క్షణంలో ఏ చక్రం దగ్గర ఎంత ఎత్తు ఉందో అదే తన మామూలు ఎత్తు అని గుర్తుపెట్టుకుంటుంది. మీటలతో దించడం, ఎత్తడం అంతా ఆ కొలత నుంచే. దాన్ని జగదల్‌పూర్‌లోనే చేసేసేవాడు మిస్త్రీ. అన్నయ్య ఒప్పుకోలేదు. ఆ మొదటి ఎత్తు మందిరం ముందే నిలవాలన్నాడు.

మాది కొండవాలు టౌన్‌షిప్. చదునైన చోటు నిజంగానే మందిరం ముందున్న సిమెంటు నేలే, ప్రేమవిందులకు బంతి వేసేది. ఆదివారం ఆరాధన అయ్యేసరికి కారు అక్కడ మందిరం వైపు ముఖం పెట్టి నిలబడి ఉంది. తాపీమేస్త్రీ దగ్గర వంపు చూసే రసమట్టం అరువు తెచ్చి నాలుగు వైపులా చూసుకున్నాడు. తరువాత ఖాళీ చెయ్యడం మొదలుపెట్టాడు. స్టెప్నీ తీశాడు, జాకీ తీశాడు, కాళ్ళ కింది పట్టాలు తీశాడు. సీటు సంచిలో మిగిలిన నీళ్ళ సీసా తీశాడు. అద్దానికి వేలాడే చిన్న సిలువను కూడా విప్పి జేబులో వేసుకున్నాడు.

"జేబులో ఉన్నా బరువే కదన్నయ్యా?" అన్నాను.

"నాను బయటే ఉంటాను కదా చెల్లెమ్మా. కిటికీలోంచి చెయ్యి పెట్టి నొక్కీస్తాను" అన్నాడు గర్వంగా.

మీట నొక్కాడు. దీపం మిణుకుమంది. "అయ్యగారూ, ప్రార్థన చెయ్యండి. మీరు ఆమెన్ అనగానే నొక్కీస్తాను."

మా సంఘంలో ఏది ప్రతిష్ఠించినా దాని మీద చేతులుంచి ప్రార్థిస్తాం. కుట్టుమిషనైనా, బోరు మోటారైనా, కొత్త స్కూటరైనా. అందినవాళ్ళు వస్తువు మీద చెయ్యి వేస్తారు. అందనివాళ్ళు ముందువాళ్ళ భుజం మీద వేస్తారు. లోపల ఎలా కూర్చుంటామో బయటా అలాగే నిలబడతాం, ఎడమవైపు స్త్రీలు, కుడివైపు పురుషులు. ఆ రోజు పురుషులు చాలామంది పొద్దుటి షిఫ్టులో ఉన్నారు. కుడివైపు నలుగురైదుగురు సన్నటి తమ్ముళ్ళు మర్యాదగా వేలికొసలు ఆనించారు. ఎడమవైపు స్త్రీల సమాజం మొత్తం ఉంది.

అయ్యగారి ప్రార్థన ఎప్పుడూ చిన్నది కాదు. ఆ రోజు వాహనం కాబట్టి ఓడ దగ్గర మొదలుపెట్టారు. రథాలు వచ్చాయి, బావి దగ్గర మోకరించిన ఒంటెలు వచ్చాయి, ఎవరూ ఎక్కని గాడిదపిల్ల వచ్చింది. స్నేహితులు ఇంటి కప్పు విప్పి మంచంతో సహా దించిన పక్షవాయువు మనిషి దగ్గరికి వచ్చేసరికి, దించడమన్న మాట వినగానే అన్నయ్య "స్తోత్రం" అని ఏడ్చేశాడు. పొద్దుటినుంచి ఆరాధనలో ఉండి అలిసినవాళ్ళం. మొదట అరచెయ్యి వేశాం. తరువాత మోచెయ్యి. ఒంటెల దగ్గర భుజం కూడా ఆనించాం. నేనూ ఆనించాను. చల్లటి ఇనుము హాయిగా ఉంది.

"ఆమెన్!"

అన్నయ్య నొక్కాడు. దీపం పచ్చగా వెలిగింది. చేతులు తీశాం. బరువు తగ్గేసరికి కారు కొంచెం పైకి లేచింది. "చూశారా, లేచింది!" అని చప్పట్లు కొట్టాం. అప్పుడు 'ఉస్స్'మంది. మేము చూస్తుండగానే, కుడివైపు అలాగే నిలబడి, ఎడమవైపు మెల్లగా, ఎంతో వినయంగా, మళ్ళీ కిందికి దిగి ఆగింది.

అన్నయ్య కుడివైపుకు వెళ్ళి జానతో కొలిచాడు. ఎడమవైపుకు వచ్చి కొలిచాడు. మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ వచ్చాడు. గొంతుక్కూర్చుని కారును చూశాడు, తరువాత మా చేతులను చూశాడు.

"బండిని ఖాళీ చేసేను" అన్నాడు. "సంఘాన్ని ఖాళీ చెయ్యడం మర్చిపోయేను."

మేము ఆనినప్పుడు దిగిన ఎత్తునే బండి తన మామూలు ఎత్తనుకుంది. తరువాత ఆ సిమెంటు నేల మీద పుట్టిన నవ్వు ఆ పేట అంతా వినపడి ఉంటుంది. "అక్కలు చెయ్యేస్తే అట్లుంటాది" అన్నాడు ఒక తమ్ముడు. "మీ వైపు బండికి తెలియనే తెలియలేదంటే, ఎంత భక్తిగా ఆనారో కనపడుతోందిలే!" అంది మా స్త్రీల సమాజం పెద్దావిడ. అయ్యగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

అన్నయ్య మిస్త్రీకి ఫోను చేశాడు. జరిగింది విని అతను అటువైపు నవ్వు ఆపుకోలేక దగ్గాడు. ఎవరినీ ముట్టుకోనివ్వకుండా మళ్ళీ మొదటినుంచి చెయ్యమన్నాడు. అన్నయ్య ఫోను చెవికి ఆనించుకునే, కిటికీలోంచి చెయ్యి పెట్టబోయాడు.

"ఆగు" అంది వదిన.

వరండాలో కుర్చీలోంచి లేచి, స్టాండు ముందుకు జరుపుకుంటూ వస్తోంది. తోవ ఇచ్చాం. ఎడమవైపు తలుపు దగ్గర ఆగింది.

"ఆ దించే మీట కూడ నొక్కు."

నొక్కాడు. కారు నాలుగు వైపులా ఇంకొంచెం దిగింది. అసలే వంగి ఉన్న ఎడమవైపు ఎప్పుడూ దిగనంత దిగింది. వదిన తలుపు తీసింది. వెనక్కి తిరిగింది. చేత్తో సీటు అంచును తడిమి చూసింది. ఇంట్లో మంచం అంచు తడిమినట్టే.

కూర్చుంది.

మంచి కాలు లోపల పెట్టుకుంది. విరిగిన కాలును రెండు చేతులతో పట్టుకుని, పెదవి బిగించి, అదీ లోపల పెట్టుకుంది. అంతకుముందు అన్ని చేతులు వేసినవాళ్ళం, ఒక్కరం కూడా చెయ్యి చాచలేదు. తలుపు తనే లాగి వేసుకుంది. కిటికీలోంచి చూసి అంది:

"ఏందయ్యా అట్ల చూస్తవు? పోనియ్యవా?"

అన్నయ్య ఫోనులో మిస్త్రీని అడిగాడు, ఈ వంకరను ఇలాగే ఒక మీటలో దాచుకోవచ్చా అని. "టేఢీ? వంకరగానే ఉంచాలా?" అంటున్నాడు అతను. ఉంచొచ్చట. కారంతా అంత దించితే కడుపు నేలకు ఆనుతుంది, ఒక్కవైపే అయితే ఆనదట. వంకరగా నిలబడే బండి కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు కాబట్టి తనకూ తోచలేదన్నాడు. అలా దించేది, ఎత్తేది కాక మిగిలిన మూడో మీటకు ఆ వంపు దక్కింది. దానికి మేము 'అక్కల మీట' అని పేరు పెట్టాం.

మామూలు ఎత్తు మళ్ళీ కొలిపించాలి కదా. వదిన దిగాక, అన్నయ్య సుద్దముక్కతో కారు చుట్టూ గీత గీశాడు. "గీత దాటకండి. చేతులు పైకెత్తి ప్రార్థించండి. ఎవరూ ఆనించకండి." చేతులు గాల్లో పెట్టుకుని నిలబడ్డాం. అయ్యగారు కూడా గీత బయటినుంచే ఒక్క వాక్యంలో ముగించారు. మా సంఘ చరిత్రలో అంత చిన్న ప్రార్థన అదొక్కటే.

పంట పండుగకు నన్నూ తీసుకెళ్ళారు. సుక్మా దాటాక చెక్‌పోస్టు దగ్గర జవాను బండి అడుగు చూసే అద్దాన్ని కర్రకు కట్టి తెచ్చాడు. అన్నయ్య మర్యాద కొద్దీ ఎత్తు పెంచబోయి, కంగారులో అక్కల మీట నొక్కాడు. కారు ఆ జవాను వైపే వంగింది. అతను ఒక అడుగు వెనక్కి వేసి, తరువాత పక్కవాణ్ణి కేకేశాడు: "అరే, ఇధర్ ఆ! యే గాడీ సలాం కర్తీ హై!" ఇద్దరూ బండి చేత మళ్ళీ ఒకసారి సలాం చేయించుకుని గాని మమ్మల్ని వదల్లేదు. వదిన కిటికీలోంచి వాళ్ళకు అరిసెలు ఇచ్చింది. దారంతా ఒక్కసారి కూడా పళ్ళు కొరుక్కోలేదు. నేను పక్కనుంచి చూస్తూనే ఉన్నాను.

మరైగూడ మందిరం గేటు దగ్గర జనం కానుకలతో నిలబడి ఉన్నారు. గుమ్మడికాయలు, వెదురుబుట్టల్లో కోళ్ళు, తలల మీద కంకుల కట్టలు. కారు ఆగగానే ఎత్తి దించడానికి వదిన మేనల్లుళ్ళు పరిగెత్తుకొచ్చారు. "ఆగుండ్రి, దూరం జరగుండ్రి" అంది వదిన. కారు 'ఉస్స్'మని మోకరించింది. కోళ్ళు బెదిరి అరిచాయి. వదిన తలుపు తీసుకుని, కాళ్ళు బయట పెట్టుకుని, స్టాండు అందుకుని లేచి నిలబడింది.

రెండు చేతులూ స్టాండు మీదే ఉండాలి కదా, కానుక ఎలా పట్టుకుంటుందా అని నేను ఆలోచిస్తున్నాను. ఎవరో ముసలమ్మ తన కంకుల కట్టను విప్పి, స్టాండు ముందు కడ్డీకి కట్టింది. వదిన స్టాండు ముందుకు జరిపింది, కంకులు ఊగాయి. అడుగు వేసింది. పాట ఎత్తుకుంది. గొంతు మొదట్లో కొంచెం వణికి, గేటు దాటేసరికి నిలబడింది. ఊరంతా వెనక అందుకుంది.

నేను వెనక్కి తిరిగి చూశాను. అన్నయ్య కారు దగ్గరే నిలబడిపోయాడు. అరచెయ్యి కారు పైకప్పు మీద పెట్టబోయి, గుర్తొచ్చినట్టు ఆగి, ఒక బెత్తెడు ఎత్తులో గాల్లోనే ఉంచాడు. కళ్ళు మూసుకున్నాడు. డంపరు చక్రం మీద పెట్టిన చెయ్యే అది. లోపల పాట ఆఖరి చరణం అయిపోయింది. ఆయన కళ్ళు తెరవకుండానే గట్టిగా కేకేశాడు:

"ఇంకో చరణం విందాం!"

వదిన ఎత్తుకుంది.

ఆ తరువాత ఎన్ని పంట పండుగలకు ఆ కారు మరైగూడ వెళ్ళిందో, ఆ గేటు ముందు మోకరించిందో, ప్రభువుకు తెలుసు. అన్నయ్య పోయాక కూడా మేనల్లుడు వదినను దాన్లోనే తీసుకెళ్తున్నాడు. మూడో మీట అలాగే ఉంది. దాన్ని ఎవరూ సరిచేయలేదు.

మొన్న విశాఖలో నా బస్సు కూడా వచ్చింది. అదీ వంగింది. అందరూ ఎక్కేదాకా ఆగి, దాని పక్కన అరచెయ్యి పెట్టబోయాను. పెట్టలేదు. ఒక బెత్తెడు దూరంలో గాల్లోనే ఉంచి, ఆమెన్ అనుకుని, ఎక్కాను.